‘కొంచెమే కదా’ అన్న మాట వెనక

వేసవి పొద్దున ఈతచెట్టు మీంచి అప్పుడే దించిన కల్లు లొట్టి. "చలువ చేస్తది, ఒక్క గిలాస తాగు బిడ్డా, ఒంట్ల వేడి తగ్గుతది" అని నెల తప్పిన కోడలికి పెద్దవాళ్లు ఆప్యాయంగా అందించే ఇళ్లు తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఒక పుట్టినరోజు పార్టీలో గర్భిణికి ఇంకో మాట వినిపిస్తుంది: "రెడ్ వైన్ ఒక గ్లాసుకేం కాదే, ఫ్రాన్స్‌లో అందరూ తాగుతారట." ఈ ఇద్దరు ఆడవాళ్లూ ఎప్పటికీ ఎదురుపడకపోవచ్చు. వాళ్ల చేతికి గ్లాసు అందించిన ధైర్యం మాత్రం ఒక్కటే, ‘కొంచెమే కదా’ అన్నది.

ఆ మాట నిజమేనా? గర్భిణికి మద్యం అసలు వద్దని డాక్టర్లంటారు. కొన్ని పరిశోధనలు మాత్రం కొద్దిగా తాగిన తల్లుల పిల్లల్లో తేడా ఏమీ కనిపించలేదని చెబుతాయి. ఈ రెండూ పక్కపక్కన చదివినవాళ్లలో కొందరు డాక్టర్లు ఊరికే భయపెడుతున్నారనుకుంటారు. ఇంకొందరు, తెలియక తాగిన ఒక్క గ్లాసు తలుచుకుని నెలల తరబడి నిద్ర పోరు. ఇద్దరికీ అన్యాయమే జరుగుతోంది. అందుకే ఈ చిక్కును ఒక్కో పోగు తీసి చూడాలి.

ముందు ‘కొంచెం’ అంటే ఎంతో లెక్క తేల్చుకుందాం. బిడ్డకు హాని చేసేది ఇథనాల్. అది ఏ సీసాలోంచి వచ్చిందన్నది శరీరానికి పట్టదు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది, అంటే 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఇథనాల్. 150 మిల్లీలీటర్ల వైన్ గ్లాసులో 14 గ్రాముల దాకా. అయిదు శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసా తాగితే 25 గ్రాములు. అదే స్ట్రాంగ్ బీరైతే 40 గ్రాములకు చేరుతుంది, అంటే నాలుగు చిన్న పెగ్గులు. "నేను విస్కీ ముట్టను, బీరే" అన్న మాటలో ఊరట ఎంతుందో ఈ లెక్కే చెబుతుంది.

మరి కల్లు? చెట్టు మీంచి కారేటప్పుడు అది తియ్యటి నీరే. లొట్టిలో ఉండే ఈస్టు అప్పటికప్పుడే పని మొదలుపెడుతుంది. కొన్ని గంటల్లో ఆల్కహాల్ నాలుగైదు శాతానికి చేరుకుంటుంది, అంటే దాదాపు బీరంత. పులవకుండా జాగ్రత్తగా తీసి చల్లగా ఉంచిన నీరా వేరు, మధ్యాహ్నానికి నురగ కట్టిన కల్లు వేరు. ‘చెట్టు నుంచి వచ్చింది, మందు కాదు’ అనుకుని గర్భిణికి పోసేవాళ్లకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సిన సంగతి ఇది. కల్తీ కల్లు గురించి తర్వాత చెబుతాను. అది ఇంకా భయంకరం.

మాయ ఆపలేనిది

బిడ్డకు మాయ (ప్లాసెంటా) ఒక కోటగోడ అని చాలామంది అనుకుంటారు. చాలా సూక్ష్మజీవుల విషయంలో అది కొంతవరకు నిజం కూడా. ఇథనాల్ దగ్గర ఆ గోడ పనిచేయదు. అది చాలా చిన్న అణువు, నీళ్లలోనూ కొవ్వులోనూ కరుగుతుంది, ఏ అడ్డూ లేకుండా దాటిపోతుంది. తల్లి తాగిన కొద్దిసేపటికే బిడ్డ రక్తంలో ఆల్కహాల్ దాదాపు తల్లి రక్తంలో ఉన్నంతే ఉంటుంది. తల్లికి కాస్త మత్తెక్కిందంటే ఆమె పిడికెడంత బిడ్డకూ అదే మోతాదు అందిందన్నమాట.

తేడా ఆ తర్వాత వస్తుంది. తల్లి కాలేయంలో ఆల్కహాల్‌ను విరగ్గొట్టే ఎంజైములు నిండుగా ఉంటాయి. పిండం కాలేయంలో అవి నామమాత్రం. బిడ్డ ఒంట్లోని ఆల్కహాల్ మళ్లీ మాయ దాటి తల్లి రక్తంలోకి వచ్చి, ఆమె కాలేయం చేతుల్లోనే అరగాలి. ఈలోగా కొంత ఉమ్మనీటిలో చేరుతుంది. బిడ్డ ఆ ఉమ్మనీటినే మింగుతుంది, అందులోకే మూత్రం పోస్తుంది, మళ్లీ మింగుతుంది. తల్లి తేరుకుని వంటింట్లో పని చూసుకుంటున్న వేళకు కూడా బిడ్డ చుట్టూ ఆ చెరువు పూర్తిగా తేటపడి ఉండదు.

ఎంత ఆలస్యంగా నమ్మారో

ఈ సంగతి వైద్యానికి తెలిసిన తీరు నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. 1899లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ జైలు వైద్యుడు విలియం సల్లివన్, తాగుడుకు బానిసలైన 120 మంది ఖైదీ స్త్రీల కాన్పుల వివరాలు రాశాడు. వాళ్లకు కలిగిన 600 మంది పిల్లల్లో 335 మంది చనిపోయి పుట్టారు, లేదా రెండేళ్లలోపే పోయారు. ఆయన గమనించిన ఇంకో విషయం మరీ విలువైనది. వరసగా బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లే, కడుపుతో ఉండగా జైల్లో పడి మద్యం దొరకని పరిస్థితిలో కన్నప్పుడు, ఆ బిడ్డ బతికి బట్టకట్టిన సందర్భాలున్నాయి. తల్లి అదే, రక్తం అదే. మారింది సీసా ఒక్కటే.

అయినా ఆ తర్వాత డెబ్బై ఏళ్లు వైద్యలోకం దాన్ని పక్కన పెట్టింది. తాగుబోతుల పిల్లలు బలహీనంగా పుడితే అది వంశదోషం, పేదరికం, పెంపకలోపం అన్నారు. 1968లో ఫ్రాన్స్‌లోని నాంట్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే పిల్లల వైద్యుడు, తాగే తల్లిదండ్రుల పిల్లలు 127 మందిని పరిశీలించి, వాళ్ల ముఖాల్లో ఒకే పోలిక ఉందని రాశాడు. ఫ్రెంచిలో, ఒక ప్రాంతీయ పత్రికలో రాశాడు కాబట్టి బయట ఎవరూ చదవలేదు. అయిదేళ్ల తర్వాత, 1973లో, అమెరికాలోని సియాటెల్‌లో కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అనే వైద్యులు మూడు వేర్వేరు జాతులకు చెందిన, ఏ చుట్టరికమూ లేని ఎనిమిది మంది పిల్లల్లో అదే పోలిక చూశారు. అందరి తల్లులూ తాగుడుకు బానిసలు. ఆ ఏడాదే దీనికి ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు.

ఆ సమయంలోనే పెద్ద ఆసుపత్రుల్లో ఏం జరుగుతోందో తెలిస్తే మనసు కలుక్కుమంటుంది. నెలలు నిండకుండా నొప్పులు మొదలైతే, వాటిని ఆపడానికి గర్భిణుల నరాల్లోకి ఆల్కహాల్ డ్రిప్ ఎక్కించేవారు. ప్రసవాన్ని ప్రేరేపించే ఆక్సిటోసిన్‌ను ఆల్కహాల్ అణచిపెడుతుందన్న ఆధారంతో న్యూయార్క్‌లో ఫ్రిట్జ్ ఫుక్స్ అనే ప్రసూతి వైద్యుడు 1960లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. బిడ్డను కాపాడాలన్న తపనతోనే చేశారు. ‘ఫలానా డాక్టరే కొంచెం తాగమన్నాడు’ అని కొందరు పెద్దవాళ్లు చెప్పే మాటలకు మూలం అలాంటి కాలంలో ఉంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వైద్యానికే అప్పటికి తెలియదు.

నెల తప్పిన ఆ వారం

గర్భం లెక్క చివరి బహిష్టు మొదటి రోజు నుంచి మొదలవుతుంది. కాబట్టి నెల తప్పిందని గమనించే నాటికి లెక్క ప్రకారం నాలుగు వారాలు గడిచినా, పిండం ఏర్పడి సుమారు రెండు వారాలే అవుతుంది. ఆ మొదటి రెండు వారాల్లో పిండం గర్భాశయంలో కుదురుకునే పనిలోనే ఉంటుంది, అవయవాల పని ఇంకా మొదలవదు. అది మొదలయ్యేది మూడో వారంలో. అంటే నెల తప్పాక, "ఇంకో నాలుగు రోజులు చూద్దాం, ఆలస్యమైందేమో" అని ఎదురుచూసే ఆ వారంలోనే.

అప్పటికి పిండం నువ్వుగింజంత కూడా ఉండదు. అందులోని కణాలు మూడు పొరలుగా విడిపోతాయి, మెదడుకు పునాది పలక ఏర్పడుతుంది. 1981లో అమెరికా శాస్త్రవేత్త కాథ్లీన్ సులిక్ గర్భంతో ఉన్న ఎలుకలకు సరిగ్గా ఈ దశకు సమానమైన రోజున, ఆ ఒక్క రోజే, ఆల్కహాల్ ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసింది. పుట్టబోయే పిల్లల్లో సియాటెల్ వైద్యులు వర్ణించిన ముఖమే కనిపించింది. కంటి చీలికలు చిన్నవి, ముక్కు కింది నుంచి పై పెదవికి దిగే గాడి చదునుగా ఉంటుంది, పై పెదవి పలచగా ఉంటుంది. మనుషుల ముఖం ముందుభాగం మెదడు ముందుభాగాన్ని అనుసరించి తయారవుతుంది. అక్కడ కణాలు చచ్చిపోతే ఇక్కడ ముఖం ఆ లోటు చూపిస్తుంది.

ఇందులోంచే ఒక పెద్ద అపోహ పుట్టింది. ‘బిడ్డ ముఖం చక్కగానే ఉంది కాబట్టి ఏమీ కాలేదు’ అన్నది. ముఖం తయారయ్యే కిటికీ చాలా చిన్నది. మెదడు మాత్రం కాన్పయ్యే రోజు దాకా, ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుంది. నాడీకణాలు పుట్టిన చోటినుంచి తమ స్థానానికి ప్రయాణం చేయాలి, పక్కకణాన్ని పట్టుకుని దారి కనుక్కోవాలి. కణాలు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి వాడే ఎల్‌1 అనే ప్రోటీన్ పనిని ఆల్కహాల్ చెడగొడుతుంది. కుడి ఎడమ మెదడులను కలిపే వంతెన పలచబడవచ్చు, ఒక్కోసారి ఏర్పడకపోవచ్చు. నడకను, తూకాన్ని చూసుకునే చిన్నమెదడు కుంచించుకుపోవచ్చు. 2000లో వచ్చిన ఒక పరిశోధనలో, మనిషికి చివరి నెలలతో సమానమైన వయసున్న ఎలుక పిల్లలకు కొన్ని గంటలపాటు ఆల్కహాల్ ప్రభావం కలిగిస్తే మెదడులో కణాలు పెద్దఎత్తున ఆత్మహత్య చేసుకున్నాయి. పక్కకణం నుంచి సంకేతం అందకపోతే ‘నా అవసరం లేదు’ అని తనను తాను చంపుకునే స్వభావం ఎదుగుతున్న నాడీకణానికి ఉంటుంది. ఆల్కహాల్ ఆ సంకేతాలనే నిశ్శబ్దం చేస్తుంది.

కాబట్టి ‘మూడో నెల దాటింది, ఇక ఫరవాలేదు’ అన్న లెక్కకు ఆధారం లేదు. ఇదే మాటకు రెండో వైపు కూడా ఉంది, అది ఊరటనిచ్చేది. అయిదో నెలలో మానేసినా, ఏడో నెలలో మానేసినా ఆ రోజునుంచి ఎదిగే మెదడు భాగానికి మేలే. తెలియక ఒకటి రెండుసార్లు తాగిన అమ్మాయి ఆ భయంతో గర్భం తీయించుకోవాలని పరుగెత్తనక్కర్లేదు. ఆ రోజే ఆపి, డాక్టరుకు దాచకుండా చెబితే చాలు.

గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ పుట్టడం, బిడ్డ కడుపులోనే చనిపోవడం కూడా మద్యంతో ముడిపడినవే. అమెరికాలో వేలమంది గర్భిణుల మీద జరిగి 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, అయిదో వారం నుంచి పదో వారం మధ్య తాగుడు కొనసాగిన ఒక్కో వారానికీ గర్భస్రావం ముప్పు 8 శాతం చొప్పున పెరిగినట్టు కనిపించింది.

పరిశోధనలకు ఎందుకు పొంతన కుదరదు?

ఇక అసలు చిక్కు. ఎక్కువగా తాగడం, ముఖ్యంగా ఒకేసారి నాలుగైదు డ్రింకులు (ఒక డ్రింకు అంటే సుమారు ఒక గ్లాసు వైన్) తాగడం హానికరమన్న దాంట్లో ఎవరికీ సందేహం లేదు. వారానికి ఒకటో రెండో అన్నచోటే మాటలు తడబడతాయి.

2012లో డెన్మార్క్‌లో అయిదేళ్ల పిల్లల తెలివితేటలను, ఏకాగ్రతను పరీక్షించి, గర్భంలో వారానికి ఒకటి నుంచి ఎనిమిది డ్రింకుల దాకా తాగిన తల్లుల పిల్లల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని ప్రకటించారు. తొమ్మిదీ అంతకుమించీ తాగినవాళ్ల పిల్లల్లోనే ఏకాగ్రత తగ్గింది. పత్రికలన్నీ మొదటి సగాన్ని శీర్షిక చేశాయి.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేయాలి. ఐరోపాలో గర్భిణిగా ఉండి వారానికి ఒకటో రెండో గ్లాసుల వైన్ తాగే స్త్రీ ఎవరు? ఎక్కువగా చదువుకున్నది, మంచి జీతం ఉన్నది, ఇంట్లో పుస్తకాలున్నది, బిడ్డతో కూర్చుని మాట్లాడే తీరిక ఉన్నది. అసలు తాగని గుంపులో పేదలు, జబ్బుపడినవాళ్లు, ముందు గర్భాలు పోగొట్టుకుని భయపడుతున్నవాళ్లు కూడా ఉంటారు. మద్యం బిడ్డ మెదడునుంచి కొంచెం తీసుకుంటే, ఇంటి స్థితిగతులు కొంచెం ఇస్తాయి. రెండూ కలిపి కొలిస్తే తేడా సున్నా అనిపిస్తుంది. ఈ కలగలుపును గణాంకాలతో ఎంత విడదీసినా పూర్తిగా విడిపోదు. అలాగని సగం మంది గర్భిణులకు మద్యం పోసి, సగం మందికి పోయకుండా ప్రయోగం చేయడం మనిషన్నవాడు చేయరానిది.

అందుకే అదే ఏడాది ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ ప్రాంతం పిల్లల మీద వచ్చిన ఇంకో పరిశోధన నాకు ఎంతో తెలివైనదిగా తోస్తుంది. ఆల్కహాల్‌ను విరగ్గొట్టే ఎంజైముల జన్యువుల్లో పుట్టుకతోనే తేడాలుంటాయి. ఈ తేడాలు డబ్బును బట్టో, చదువును బట్టో రావు, లాటరీలా వస్తాయి. నాలుగు వేలకు పైగా పిల్లల్లో అలాంటి తేడాలను, ఎనిమిదేళ్ల వయసులో వాళ్ల ఐక్యూను పోల్చిచూశారు. వారానికి ఒకటి నుంచి ఆరు యూనిట్లు (బ్రిటన్ లెక్కలో ఒక యూనిట్ అంటే 8 గ్రాముల ఇథనాల్) మాత్రమే తాగిన తల్లుల పిల్లల్లో, ప్రతికూలమైన జన్యుభేదం ఒక్కొక్కటి పెరిగేకొద్దీ ఐక్యూ దాదాపు రెండు పాయింట్ల చొప్పున తగ్గింది. అసలు తాగని తల్లుల పిల్లల్లో అవే జన్యువులు ఏ తేడానూ చూపలేదు. మద్యం ఏమీ చేయకపోతే ఈ రెండు గుంపులూ ఒకేలా ఉండాలి కదా! ఇంటి స్థితిగతుల ముసుగు తీసేసరికి తక్కువ మోతాదు చేసిన పని కూడా కనబడింది.

ఇంకో ఇబ్బంది, తాగింది ఎంతో తల్లులు చెప్పిన మాటమీదే ఆధారపడటం. సిగ్గుతో తగ్గించి చెబుతారు, మరిచిపోతారు, ‘ఒక గ్లాసు’ అంటే ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో సైజు. పుట్టిన బిడ్డ మొదటి నల్లటి మలంలో ఆల్కహాల్ ఆనవాళ్లు వెతికే పరీక్షలున్నాయి. అవి తల్లుల మాటలకంటే ఎక్కువే చెబుతుంటాయి.

ఇప్పుడు డాక్టర్ల ‘అసలు వద్దు’ ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఒక్క గుక్కతో బిడ్డ పాడైపోతుందని రుజువై కాదు. ఇంత తాగితే ఏమీ కాదని గీత గీయగల హద్దు ఏదీ దొరకలేదు కాబట్టి. ఒకప్పుడు వారానికి ఒకటి రెండుసార్లు ఒకటి రెండు యూనిట్లు మించవద్దని చెప్పిన బ్రిటన్ ప్రభుత్వం కూడా 2016లో తన సలహా మార్చుకుని పూర్తిగా మానేయమంది. నాకు ఈ జాగ్రత్త సబబనిపిస్తుంది. తొమ్మిది నెలలు మానేస్తే తల్లి ఆరోగ్యానికి పోయేది ఏమీ లేదు. తేడా వస్తే బిడ్డ మోయాల్సింది జీవితమంతా.

హద్దు గీయలేకపోవడానికి కారణం కవలలు చెబుతారు. ఒకే కడుపులో, ఒకే మోతాదుకు గురైనా, ఒకే అండం నుంచి పుట్టిన కవలలు ఇద్దరికీ దాదాపు ఒకే స్థాయి లోపాలొస్తాయి. వేర్వేరు అండాల కవలల్లో మాత్రం ఒకరికి తీవ్రంగా, ఇంకొకరికి స్వల్పంగా వచ్చిన జంటలు చాలానే ఉన్నాయి. బిడ్డ జన్యువులు, తల్లి కాలేయం వేగం, ఆమె వయసు, బరువు, తిండి అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇనుము లోపిస్తే ఆల్కహాల్ చేసే హాని పెరుగుతుందని జంతువుల మీద ప్రయోగాలు చూపించాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉంది. అందుకే ‘మా పిన్ని తాగింది, ఆమె పిల్లలు ఇంజనీర్లయ్యారు’ అన్న మాట మీ బిడ్డకు హామీ కాదు.

బడిలో ‘మొండి’ అనిపించుకునే పిల్లలు

ముఖంలో గుర్తులున్న పిల్లలు మొత్తంలో చిన్న భాగమే. మిగతావాళ్లందరినీ కలిపి చెప్పడానికే ఇప్పుడు ‘ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్స్’ అంటున్నారు, పొట్టిగా ఎఫ్‌ఏఎస్‌డీ. ఈ పిల్లల్లో చాలామంది ఐక్యూ మామూలు పరిధిలోనే ఉంటుంది. అదే వాళ్లకు శాపమవుతుంది. చూడ్డానికి చక్కగా ఉంటారు, గలగలా మాట్లాడతారు. నిన్న వచ్చిన ఎక్కం ఇవాళ రాదు. మూడు పనులు ఒకేసారి చెబితే మొదటిదే గుర్తుంటుంది. డబ్బు లెక్క, టైము లెక్క కుదరవు. చేసిన తప్పుకు శిక్ష పడినా మళ్లీ అదే తప్పు చేస్తారు, ఎందుకంటే ‘ఇలా చేస్తే అలా అవుతుంది’ అని ముడివేసే మెదడు భాగానికే దెబ్బ తగిలింది. పంతులుగారికి మొండితనంలా కనబడుతుంది. ఇంట్లో దెబ్బలు పడతాయి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేని సమస్య) అని మందులిస్తే కొందరికి సరిగా పట్టవు.

సియాటెల్‌లోనే ఆన్ స్ట్రైస్‌గుత్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి వాళ్లను పెద్దయ్యేదాకా గమనించి 1996లో వివరాలు ప్రకటించారు. బడి మానేయడం, పోలీసు కేసులు, మానసిక వ్యాధులు వాళ్లలో చాలా ఎక్కువ. వీటిని తగ్గించినవి రెండే ముఖ్యమైనవి: నిలకడైన ఇల్లు, ఆరేళ్లలోపే లోపాన్ని గుర్తించడం. మెదడు గాయం మానకపోయినా, ఆ పిల్లవాడు మొండివాడు కాదని పెద్దవాళ్లకు ముందే తెలిస్తే అతని బతుకే మారిపోతుంది. ఒక్కసారి ఒక్క పనే చెప్పడం, రోజూ అదే వేళకు అదే పని చేయించడం, బొమ్మలతో గుర్తులు పెట్టడం, ఇవన్నీ ఖర్చులేనివే. మన రాష్ట్రాల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. ఎదుగుదల ఆలస్యమైందని అనుమానం వస్తే అక్కడికి తీసుకెళ్లవచ్చు.

ప్రపంచంలో పది మంది గర్భిణుల్లో సుమారు ఒకరు మద్యం తాగుతున్నారనీ, ఏటా 1,19,000 మంది బిడ్డలు పూర్తిస్థాయి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్‌తో పుడుతున్నారనీ 2017లో ఒక అంతర్జాతీయ అంచనా వెలువడింది. తాగిన ప్రతి 67 మంది తల్లుల్లో ఒకరికి అలాంటి బిడ్డ. అన్నిటికంటే ఎక్కువ రేట్లు నమోదైన చోట్లలో దక్షిణాఫ్రికాలోని వెస్టర్న్ కేప్ ద్రాక్షతోటల ప్రాంతం ఒకటి. కూలీలకు జీతంలో కొంత భాగం వైన్‌గా ఇచ్చే ‘డాప్’ పద్ధతి అక్కడ తరాల తరబడి నడిచింది. చట్టం దాన్ని నిషేధించాక కూడా అలవాటు పోలేదు. యజమానులు కూలిడబ్బు మిగుల్చుకోవడానికి పోసిన వైన్‌కు మనవలూ మునిమనవలూ మెదడుతో వెల కడుతున్నారు.

మన గ్లాసు గురించి ఎవరూ అడగరు

తెలుగు నేల మీద మద్యం అంటే మగవాడి వ్యసనం, ఆడదాని కన్నీళ్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. ఆ ఉద్యమం నిజంగా గొప్పది, మరుసటి ఏడే ప్రభుత్వం చేత సారాను నిషేధింపజేసింది. దాని నీడలో ఒక విషయం మరుగునపడింది: ఆడవాళ్లు కూడా తాగుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన స్త్రీలలో మద్యం తాగేవాళ్లు దేశంలో 1.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతం, తెలంగాణలో 6.7 శాతం. తెలంగాణ పల్లెల్లో అయితే 9 శాతం. ఇవి స్త్రీలందరి లెక్కలు, గర్భిణుల లెక్కలు కావు. పల్లెలో తొమ్మిది శాతం ఆడవాళ్లు తాగుతున్నచోట, ఆసుపత్రిలో గర్భిణిని ఆ ప్రశ్న అడగకపోవడం మాత్రం పెద్ద లోపం.

ఎందుకు అడగరంటే, అడగడమే అవమానమనుకుంటారు. ‘మంచి ఇంటి ఆడపిల్లను అలా అడుగుతారా’ అని నర్సు జంకుతుంది, ‘కల్లు కూడా మద్యమేనా’ అని ఆమె చెప్పదు. అమెరికాలో స్థిరపడిన మన అమ్మాయిలకు మొదటి విజిట్‌లోనే ‘వారానికి ఎన్ని డ్రింకులు’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. 1989 నుంచి అక్కడి ప్రతి మద్యం సీసా మీదా గర్భిణులకు హెచ్చరిక ఉంటుంది. మన దగ్గర 2019 నుంచి తప్పనిసరి అయిన హెచ్చరిక మద్యం ఆరోగ్యానికి హానికరమనీ, తాగి బండి నడపవద్దనీ చెబుతుంది. కడుపులో బిడ్డ ప్రస్తావన అందులో లేదు. చేర్చడానికి అయ్యే ఖర్చు ఒక్క వరుస అచ్చు.

ఇక కల్తీ కల్లు. డిమాండుకు చాలినన్ని చెట్లు లేనిచోట నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం అనే మత్తుమందులు కలిపి కల్లుగా అమ్ముతూ ఎన్నోసార్లు పట్టుబడ్డారు. ఇక్కడ నిద్రమాత్రలు కూడా బిడ్డకు చేరతాయి. డైజెపామ్ కాన్పుకు ముందు తీసుకుంటే బిడ్డ వాడిపోయినట్టు, పాలు చప్పరించలేనట్టు పుట్టవచ్చు. తాగేవాళ్లకు తాము ఏం తాగుతున్నారో కూడా తెలియదు.

ఇంకొక చిన్న సంగతి. ఆయుర్వేద మందుల్లో అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి. సీసా మీద ‘స్వయంజనిత ఆల్కహాల్’ అని రాసే ఉంటుంది. మోతాదు తక్కువే అయినా చూలింత సొంతంగా తాగవద్దు. బాలింతగా దశమూలారిష్టం తాగేటప్పుడు కూడా డాక్టరుకు చెప్పాలి. తల్లి రక్తంలో ఎంత ఆల్కహాల్ ఉంటే పాలల్లోనూ అంతే ఉంటుంది. రక్తంలోంచి దిగిపోతే పాలల్లోంచీ దిగిపోతుంది, పాలు పిండేసి పారబోసినంత మాత్రాన ముందే పోదు.

రోజూ తాగే అలవాటున్న గర్భిణి ఒక్కసారిగా, ఒంటరిగా మానేయకూడదు. వణుకు, ఫిట్స్ వచ్చి తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం కావచ్చు. ఆసుపత్రిలో, మందుల సాయంతో మానిపించాలి. అక్కడిదాకా ఆమె రావాలంటే తిట్లు పడవన్న నమ్మకం ఉండాలి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు గర్భిణి తాగుడును పిల్లల మీద హింసగా చూసే చట్టాలు చేశాయి. వాటిని పరిశీలించినవాళ్లకు కనబడింది మేలు కాదు, బరువు తక్కువ పుట్టే బిడ్డలు పెరిగారు, భయపడి డాక్టరు దగ్గరికి రాని తల్లులు పెరిగారు. ఇంగ్లండ్‌లో 2014లో అప్పీలు కోర్టు, తల్లి తాగుడువల్ల లోపంతో పుట్టిన ఒక చిన్నారి కేసులో, అది నేరం కాదని తీర్పిచ్చింది.

మగవాళ్లు ఇదంతా చదివి పక్కకు జరగడానికి లేదు. తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం తాగుతారని అదే సర్వే చెప్పింది. ఇంట్లో రోజూ సీసా తెరిచే భర్త ఎదుట భార్య మానడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? పైగా గర్భధారణకు ముందు మగ ఎలుకలకు ఆల్కహాల్ ఇచ్చినా పిల్లల ముఖం ఎముకల పెరుగుదలలో తేడాలు వస్తున్నాయని టెక్సాస్‌లో ఈమధ్య జరిగిన ప్రయోగాలు చూపించాయి. బిడ్డ కావాలనుకున్న నాటినుంచి ఇద్దరూ కలిసి మానేయడం అందుకే మేలు.

ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడో, ఏఎన్‌ఎం బీపీ చూస్తున్నప్పుడో అడగాల్సిన తీరు ఇలా ఉండొచ్చు: "అక్కా, అందరినీ అడుగుతున్న, నిన్నూ అడుగుతున్న. నెల తప్పినప్పటి నుంచి కల్లుగానీ బీరుగానీ ఎన్నిసార్లు తాగినవ్?" ‘తాగుతావా’ అనకుండా ‘ఎన్నిసార్లు’ అంటే నిజం చెప్పడం తేలికవుతుంది. చెప్పాక మందలింపు రాకూడదు, "ఇయ్యాల్టి నుంచి ఆపుదాం, చేతులు వణికితే నాకు ఫోన్ చెయ్యి" అన్న మాట రావాలి. ఫోన్ చేయడానికి ప్రభుత్వ సహాయ కేంద్రాలు కూడా ఉన్నాయి. వ్యసనం మానడానికి 14446, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416. రెండూ ఉచితం.